పళ్లు తెల్లబడ్డాక

19 అక్టోబర్ 2004, మంగళవారం

సాయంత్రం పాస్టరమ్మ భాగ్యవతిగారు వచ్చారు. సంబంధం తెచ్చారు. నాకు! ముప్పై తొమ్మిదేళ్లు నిండాక.

పేరు డేవిడ్‌రాజ్. భిలాయి-3 స్టేషన్‌లో గూడ్స్ రైలు గార్డు. భార్య పోయి మూడేళ్లు. పిల్లల్లేరు. తాగడు. కాకినాడ వైపు మనుషులేనట. నవంబర్ పద్నాలుగున కోత పండుగకి మా చర్చికి వస్తాడట. ఆరాధన అయ్యాక పాస్టర్‌గారి గదిలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాలట.

అన్నీ చెప్పి, టీ తాగి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. ఒక్క మాటమ్మా ఫ్లోరా, ఆయన ముందు పళ్లు చూస్తాడు అన్నారు. ఇంతకుముందు చూపించిన ఇద్దర్నీ పళ్లు చూసే వద్దన్నాడట. పెళ్లామా, ఎద్దా అని అడగబోయి ఊరుకున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆవిడ నా చేతివంకే చూశారు.

ఆవిడ వెళ్లాక అద్దం ముందు నిలబడ్డాను. చింతపండు పిసికిన నీళ్ల రంగు. మొదళ్ల దగ్గర నలుపు.

నాకు ఈ సంబంధం కావాలి. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాన్న సర్వీసులో ఉండగా పోతే ఆ లెక్కన నాకు స్టీల్ ప్లాంట్ టైమ్ ఆఫీసులో క్లర్కు ఉద్యోగం వచ్చింది, మరోదా కాలనీలో ఈ క్వార్టర్ మిగిలింది. అమ్మ పోయి రెండేళ్లు. సాయంత్రం తాళం తీసి లోపలికొస్తే మర్నాటి దాకా ఈ ఇంట్లో మనిషి గొంతు వినపడదు. రేడియో ఉంది కానీ అది నన్నేమీ అడగదు. నిన్న కుక్కర్‌ని ఇక చాల్లే ఊరుకో అన్నాను, పైకే.

20 అక్టోబర్, పొద్దున 6

నా రోజు మొత్తంలో బాగుండే అరగంట ఇదే. వెనక గుమ్మం మెట్టు మీద ముగ్గురం. పక్క క్వార్టర్ వరలక్ష్మమ్మ పిన్ని, ఇళ్లలో పనిచేసే దులారీ, నేను. మధ్యలో గుడాఖు డబ్బీ.

నల్లటి ముద్ద, ముదురు బెల్లం పాకంలా ఉంటుంది. చూపుడువేలితో తీసి పళ్లకీ చిగుళ్లకీ రుద్ది, కాస్త చెంపలో పెట్టుకుని కూర్చోవాలి. తల తేలిగ్గా తిరుగుతుంది. ఇక్కడి ఆడవాళ్లకి ఇదే పళ్లపొడి. నాకు పదిహేనేళ్లప్పుడు పన్ను నొప్పెడితే అమ్మే పెట్టింది, అమ్మకి దులారీ వాళ్ల అమ్మ నేర్పింది. ఎంత బ్రష్ చేసినా, ఇది లేనిదే నోరు కడిగినట్టుండదు. కడుపూ కదలదు.

పిన్నిది శ్రీకాకుళం. బాబాయి రిటైరై నాలుగేళ్లయినా ఇంకా ఫస్ట్ షిఫ్ట్ సైరన్‌కి లేచి బూట్లు తుడుచుకుంటున్నాడట. ఏటి సెయ్యమంటావే, వొద్దంటే డూటీ అంటాడు, ఆ బూట్లేసుకుని పాలపేకెట్టుకెల్తాడు అంది. దులారీ నవ్వాపుకోలేక ఉమ్మేసింది. నేనూ పడీ పడీ నవ్వాను. ఇక్కడ నా చెయ్యి అడ్డం రాదు, ముగ్గురివీ అవే పళ్లు.

సంబంధం సంగతి వీళ్లకి చెప్పలేదు. కుదరకపోతే రోజూ అదే అడుగుతారు.

23 అక్టోబర్, శనివారం

సుపేలా బజార్లో కొత్త డెంటల్ క్లినిక్. గాజు తలుపు మీద టీత్ వైటెనింగ్ అని రాసి, ఒక తెల్లమ్మాయి బొమ్మ. ఇంట్లో ఎవరూ లేనిదాన్ని, ఎవర్ని అడగాలి? వెళ్లిపోయాను.

డాక్టర్ సత్యశ్రీ మన తెలుగు పిల్లే. ఇక్కడే ప్లాంట్ టౌన్‌షిప్‌లో పుట్టింది. పాతికేళ్లుంటాయి. తెలుగు మొదలుపెట్టి హిందీలో తేలుతుంది. నన్ను ఆంటీ అంది. అక్కడే సగం చచ్చాను.

కుర్చీ వెనక్కి వాల్చి ప్రశ్నలు. టీ ఎన్నిసార్లు ఆంటీ? కాఫీ? పాన్? సిగరెట్, బీడీ, గుట్కా, టొబాకో కుఛ్ భీ? నేను చర్చిలో అందరి ముందూ నిలబడి మద్యం, పొగాకు ముట్టనని ప్రమాణం చేసినదాన్ని. కొంచెం కోపమే వచ్చింది. టీ ఒక్కటేనమ్మా అన్నాను. సచ్చీ? అంది. సచ్చీ అన్నాను. కార్డు మీద టీ అని రాసుకుంది.

ఎడమ చెంప లోపల కింద పన్ను పక్కన వేలితో తడిమి, ఇక్కడ కొరుక్కుంటారా ఆంటీ, తెల్లగా ఉంది అంది. కావచ్చు అన్నాను. రెండేళ్లుగా నాలిక్కి గరుకుగా తగులుతోంది. కొరుక్కుంటున్నానేమో అనే అనుకున్నాను.

తర్వాత వరసగా గుచ్చిన ఉత్తుత్తి పళ్లు తెచ్చి నా పళ్ల పక్కన పెట్టి చూసింది. ఆ వరసలో అన్నిటికంటే ముదురుది ఏ-ఫోర్. నాది అదే. ఇవాళ క్లీనింగ్ చేసింది, పై శనివారం వైటెనింగ్. వచ్చేటప్పుడు మినీబస్సులో కిటికీ వైపు తిరిగి నాలికతో పళ్లు తడుముకుంటూనే ఉన్నాను.

24 అక్టోబర్, ఆదివారం

కోత పండుగ పాటల ప్రాక్టీసు. నేను వెనక వరసలోనే.

30 అక్టోబర్, శనివారం

అయింది.

పెదాలు రెండు వైపులా లాగిపట్టే ప్లాస్టిక్ ఒకటి పెట్టింది. పట్టాలు తప్పిన వేగన్‌లా నోరు అలా తెరుచుకుని ఉండిపోయింది. చిగుళ్లకి నీలం పూత పూసి గట్టిపడనిచ్చింది. పళ్లకి జెల్. కళ్లకి నల్లద్దాలు. పైనుంచి నీలం లైటు. పావుగంట, తుడవడం, మళ్లీ జెల్. మూడుసార్లు. మూడోసారి ముందు పన్నులోంచి కణత దాకా కరెంటు కొట్టినట్టయింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ పిల్ల నా భుజం మీద చెయ్యేసి హో గయా ఆంటీ, అయిపోయింది అంది. ఎవరైనా నా భుజం మీద చెయ్యేసి ఎన్నాళ్లయిందో. నల్లద్దాల కింద ఏడ్చాను. నొప్పికనుకుంది.

ఏ-ఫోర్ నుంచి ఏ-టూ. ప్లాంట్‌లో పదకొండేళ్లుగా నా గ్రేడ్ మారలేదు. ఇక్కడ గంటలో మారింది.

రెండు రోజులు రంగున్నదేదీ తినకూడదు. టీ, పసుపు, కారం, పచ్చడి వద్దు. పెరుగన్నం, ఇడ్లీ, పాలు. రంగు పేస్టు కూడా వద్దట, బ్రష్ మెల్లిగా.

అద్దం ముందు నవ్వి చూసుకుందామంటే చెయ్యి దానంతటదే నోటి మీదికి లేచింది. కిందికి దించి మళ్లీ నవ్వాను. మళ్లీ లేచింది. చివరికి ఆ చెయ్యి మీద కూర్చుని నవ్వాను.

31 అక్టోబర్, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. పొద్దున పెరుగన్నం. మధ్యాహ్నం పెరుగన్నం. గాలి తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయి. వెనక తలుపు తియ్యలేదు. పిన్ని తలుపు తట్టి, ఏటే, ఒంట్లో బాగునేదా అంది. జ్వరం అన్నాను.

1 నవంబర్, సోమవారం

ఇక్కడి రాష్ట్రం పుట్టినరోజు. సెలవు. మైకులో దేశభక్తి పాటలు.

తల పగిలిపోతోంది. రెండు రోజులుగా కడుపు రాయిలా ఉంది. టీ లేకపోవడం వల్ల అనుకున్నాను. కానీ తలుపవతల ఇద్దరూ ఉమ్ముతున్న చప్పుడు వినపడగానే నోట్లో నీళ్లూరాయి.

డాక్టర్ తినొద్దంది, తాగొద్దంది. ఇది తినేది కాదు, తాగేది కాదు, ఉమ్మేసేది. పళ్లు తోముకోవద్దని అనలేదుగా. బఠాణీ గింజంత తీసి మెల్లిగా రుద్ది, పదిసార్లు పుక్కిలించాను. రెండు నిమిషాల్లో తలనొప్పి పోయింది. కడుపూ కదిలింది.

3 నవంబర్, బుధవారం

పై పళ్ల మీద కాఫీ కప్పు అడుగున మిగిలినట్టు గీతలు. బ్రష్ పెడితే పోవు. ఆఫీసుకి సెలవు చెప్పి క్లినిక్‌కి పరుగెత్తాను.

ఏం పెట్టుకున్నారు ఆంటీ అంది. పళ్లు తోముకున్నానంతే అన్నాను. దేనితో అంది. సంచీలోంచి డబ్బీ తీసి చూపించాను.

ఆ పిల్ల డబ్బీ తిప్పి అడుగున చిన్న అక్షరాలు నాతో చదివించింది. తంబాకూ అని ఉంది. నేను టైమ్ ఆఫీసులో మూడు షిఫ్టుల హాజరు అక్షరం వదలకుండా చదువుతాను. ఇరవై నాలుగేళ్లుగా చేతిలో ఉన్న డబ్బీ అడుగు ఎన్నడూ చూడలేదు.

ఎక్కడ పెట్టుకుంటారు చూపించండి అంది. ఎడమ చెంప చూపించాను. లైటు దగ్గరికి లాగింది. చాలాసేపు చూసింది. ఈసారి ఆంటీ అనలేదు, మేడమ్ అంది. ఇది కొరుక్కున్నది కాదట. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే వైటెనింగ్ ముట్టుకునేదే కాదట. గుడాఖు ఈ క్షణం నుంచి బంద్. నెల రోజుల్లో మచ్చ పోకపోతే ముక్క తీసి టెస్టుకి పంపాలి. ఏమిటనుకుంటున్నావమ్మా అని అడిగాను. అభీ కుఛ్ నహీ కహ్ సక్తీ, ఇప్పుడే ఏమీ చెప్పలేను అంది.

గీతల్ని పాలిష్ చేసి పంపింది. పళ్లు మళ్లీ తెల్లగా ఉన్నాయి. డబ్బీ ఇంకా సంచీలోనే ఉంది.

5 నవంబర్

గుడాఖు ముట్టుకోక రెండు రోజులు. మాన్పించడం కంటే అలవాటు చెయ్యడమే తేలిక. అమ్మ మీద కోపం వస్తోంది. చచ్చిపోయినవాళ్ల మీద కోపం ఎవరి ముందు చూపించాలి?

8 నవంబర్, సోమవారం

ఆఫీసులో పక్క సీటు ధర్మారావుగారి మీద అరిచాను, ఒక్క రిజిస్టర్ కోసం. తర్వాత సారీ చెప్పాను.

పొద్దున లోపల నేల మీద కూర్చుని తలుపుకి వీపు ఆనించాను. అవతల వాళ్లిద్దరూ. కా హోగిస్ దీదీ లా, ఏమైంది అక్కకి అని దులారీ అడిగింది. దానికేటో కోపమొచ్చినట్టుంది, మనమేటన్నామో ఏటో అంది పిన్ని. తర్వాత వేరే మాటల్లో పడి నవ్వుకున్నారు. తలుపు మందం అంగుళం ఉంటుంది.

12 నవంబర్, దీపావళి

పిన్ని గిన్నెతో బూరెలు పంపింది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని చక్కెర పోసి పంపాను. ఎవరం ఎవరి గుమ్మం దాటలేదు.

14 నవంబర్, ఆదివారం. కోత పండుగ

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చర్చి నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, వరికంకులు. నేను ముందు వరసలో నిలబడి పాడాను, నోరంతా తెరిచి. భాగ్యవతిగారు తల ఊపారు.

డేవిడ్‌రాజ్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నూనె రాసి దువ్విన తల. నన్ను చూడగానే చూపు పళ్ల మీదికే వెళ్లింది, సిగ్నల్ చూసినట్టు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య గుడాఖు వాడేది. కుమ్హారిలో మంచిది దొరుకుతుందని ఆ వైపు డ్యూటీ పడ్డప్పుడల్లా ఆయనే తెచ్చి ఇచ్చేవాడట. మాకేం తెలుసండీ, పళ్లపొడే కదా అనుకున్నాం అన్నాడు. చెంపలో పుండైంది. రాయపూర్‌లో దవడ తీసేశారు. పద్నాలుగు నెలలు. చివర్లో మాట లేదు, పలక మీద రాసేదట. ఆ పలక ఇంకా ఇంట్లో ఉంది, తుడవలేకపోతున్నానండీ అన్నాడు. ఏం రాసి ఉందో నేను అడగలేదు.

అందుకనండీ నేను ముందు పళ్లు చూస్తాను, మీరేమనుకున్నారో అన్నాడు. ఆ ఇద్దరు ఆడవాళ్లకీ మొదళ్లలో నలుపు ఉందట. మళ్లీ అది చూసే ఓపిక నాకు లేదండీ అన్నాడు. మీ పళ్లు చూశాక ఊపిరాడింది, దేవుడికి స్తోత్రం అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

చెప్పడానికి అదే సమయం. నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా. తెరిచి నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, తెల్లగా. నా జన్మలో ఇంత నీచమైన పని చెయ్యలేదు.

15 నవంబర్, సోమవారం

ఆయన ఒప్పుకున్నాడట. భాగ్యవతిగారు ఆఫీసుకే ఫోన్ చేశారు. క్రిస్మస్ ముందే ప్రధానం పెట్టుకుందామన్నారు. సంతోషమేనా ఫ్లోరా అంటే సంతోషమేనండీ అన్నాను.

17 నవంబర్, బుధవారం

ఉండబట్టలేక వెనక తలుపు తీశాను. మెట్టు మీద కూర్చుని ఇద్దరికీ అంతా చెప్పేశాను. సంబంధం, పళ్లు, మచ్చ, ఆయన భార్య. దులారీ నోట్లో వేలు నోట్లోనే ఉండిపోయింది. తర్వాత లేచి వెళ్లి కుళాయి దగ్గర నోరు కడుక్కుంది.

పిన్ని అంది. ఎయ్యి అబద్దాలాడైనా ఒక పెల్లి సెయ్యమన్నారు పెద్దోలు, నువ్వు ఒక్కటి ఆడినావు, అదీ నోటితో ఆడనేదు. మానేసినావు కదా, ఇంకేటి సెప్పడం, ఒల్లకుండు అంది. నా నెత్తి మీద చెయ్యేసి, నీకు మాత్రం మడిసి ఒద్దేటే అంది.

కావాలి పిన్నీ. అందుకే నిద్ర పట్టడం లేదు. మచ్చ పోకపోతే ఆయన మళ్లీ రాయపూర్ వెళ్లాలి, నా కోసం. చెప్పకుండా చేసుకుంటే ఆయన్ని మోసగించినట్టే. చెబితే ఈ ఇంట్లో మళ్లీ నేనూ, కుక్కరూ.

20 నవంబర్, శనివారం

భిలాయి-3 వెళ్లాను. రైల్వే కాలనీ. యూనిఫాం వేసుకుని డ్యూటీకి తయారుగా ఉన్నాడు, గుమ్మం పక్కన జెండాలూ లాంతరూ ఉండే గార్డు లైన్ పెట్టె. నన్ను చూసి కంగారుపడి, కూర్చోమని, ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి, తనే స్టవ్ వెలిగించి టీ పెట్టాడు.

డబ్బీ తీసి బల్ల మీద పెట్టాను. ఇది నాదండీ, ఇరవై నాలుగేళ్లుగా అన్నాను. పళ్లు క్లినిక్‌లో తెల్లగా చేయించుకున్నాను, చెంపలో మచ్చ ఉంది, మూడో తారీఖున మళ్లీ చూస్తారు, ఆరోజే చెప్పాల్సింది, చెప్పలేదు అన్నాను. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని ఊపిరి పీల్చకుండా చెప్పాను.

ఆయన నావైపు చూడలేదు. డబ్బీవైపే చూశాడు. టీ పొంగి స్టవ్ మీద పడింది. కట్టేశాడు. ఒక్కటే అడిగాడు. ఎడమా, కుడా?

ఎడమ అన్నాను.

తల ఊపాడు. ట్రైన్ ఉందండీ అన్నాడు. నేను బయటికొచ్చాక తాళం వేశాడు. పెట్టె మోసుకుని యార్డు వైపు నడిచాడు. నేను రోడ్డు వైపు.

23 నవంబర్

భాగ్యవతిగారు ఫోన్ చేశారు. ఆయన ఏమీ చెప్పడం లేదట. జరిగింది నేనే చెప్పాను. కుదిరిన దాన్ని చెడగొట్టుకోవడం నీకే చెల్లిందమ్మా అన్నారు.

28 నవంబర్, ఆదివారం

వెనక వరసలో కూర్చున్నాను.

3 డిసెంబర్, శుక్రవారం

డాక్టర్ సత్యశ్రీ చూసింది. చిన్నదైంది కానీ పోలేదు. మంగళవారం ప్లాంట్ హాస్పిటల్లో ముక్క తీస్తారు. చీటీ రాసిచ్చింది. తోడు ఎవరొస్తారు అంది. చూస్తాను అన్నాను. డబ్బులు తీసుకోలేదు. పళ్లు బాగా నిలిచాయి ఆంటీ అంది. మళ్లీ ఆంటీ అన్నందుకు ప్రాణం కుదుటపడింది.

పిన్ని వస్తానంది. కానీ మోకాళ్లు పట్టేసి రెండు రోజులుగా మంచం దిగడం లేదు. వద్దన్నాను. దులారీకి ఆరిళ్ల పని. ఒక్కదాన్నే వెళ్లగలను. అమ్మని ఆఖర్లో హాస్పిటల్‌కి తీసుకెళ్లింది నేనొక్కదాన్నే కదా.

5 డిసెంబర్, ఆదివారం

ప్రార్థన మనవుల్లో నా పేరు ఇమ్మని పిన్ని మొత్తుకుంది. ఆవిడ హిందువు, అయినా నా దేవుడి మీద నాకంటే నమ్మకం. ఇచ్చాను. పేరొక్కటే చదువుతారనుకున్నాను. భాగ్యవతిగారు మైకులో పూర్తిగా చదివారు. మన సహోదరి ఫ్లోరా, చెంపలో మచ్చ, ముక్క తీసే పరీక్ష, మంగళవారం ఉదయం పది గంటలకి, ప్లాంట్ హాస్పిటల్. మరోదా నుంచి కుమ్హారి దాకా ఉన్న తెలుగు క్రైస్తవులందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

7 డిసెంబర్, మంగళవారం

రెండు కుట్లు పడ్డాయి. చెంప ఇంకా మొద్దుగానే ఉంది. రిపోర్టు పది రోజులకి.

నేను వెళ్లేసరికే ఆయన బెంచీ మీద ఉన్నాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, తెల్ల చొక్కా నిండా బొగ్గు దుమ్ము. నేను ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాను. నలభై నిమిషాలు.

నర్సు బయటికొచ్చి ఫ్లోరా విలియం అని పిలిచింది. నాకంటే ముందు ఆయన లేచాడు.